పట్టేసిన నడుముకు నెమ్మదైన చెయ్యి

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారంటే నల్లగొండ జిల్లా నిడమనూరు మండలంలో నాట్లు మొదలైనట్టే. మడిలో వరుసగా వంగిన ఆడవాళ్లు గంటల తరబడి అలాగే వెనక్కి అడుగులేస్తూ నాటుతారు. సాయంత్రం లేవబోతే నడుము పట్టేస్తుంది, రాత్రికి పిక్కలు గుంజుతాయి. ఇంట్లో ఎవరో ఒకరు నూనె గిన్నె పట్టుకొస్తారు. ఇంకొంచెం గట్టిగా పిసుకమని అడగడం మామూలే. నొప్పి పోవాలంటే బలం పెట్టాలన్నది ఊరందరి నమ్మకం.

నాడీశాస్త్రం చెప్పేది వేరు.

వంగి ఉన్నంతసేపూ బరువంతా వీపు కండరాలే మోస్తాయనుకుంటాం. బ్రిటన్ పరిశోధకులు ఫ్లాయిడ్, సిల్వర్ ఆ కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచి 1955లో ఫలితాలు ప్రకటించారు. పూర్తిగా వంగిన మనిషిలో ఆ కండరాలు దాదాపు మౌనంగా ఉన్నాయి! అప్పుడు బరువు ఎక్కువగా వెన్నెముకను పట్టి ఉంచే లిగమెంట్ల మీద పడుతుంది. గంటలకొద్దీ సాగి అవి వదులైతే, లేచే వేళకు కండరాలు బిగుసుకుని వెన్నుకు కాపలా కాస్తాయి. కాబట్టి ఆ పట్టును శత్రువులా చూడకూడదు.

దాన్ని బలవంతంగా వదిలించబోతే ఏమవుతుంది? కండరాల లోపల కదురు ఆకారంలో సన్నని గ్రాహకాలుంటాయి. కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది అన్న కబురు ఇవి వెన్నుపాముకు పంపుతాయి. సాగడం హఠాత్తుగా జరిగితే, మెదడు నిర్ణయం కోసం ఆగకుండా, ముడుచుకోమన్న ఆజ్ఞ వెంటనే తిరిగొస్తుంది. దీన్నే రిఫ్లెక్స్ అంటారు. మోకాలి చిప్ప కింద డాక్టరు సుత్తితో తడితే కాలు ఎగిరేది ఇందుకే. జర్మన్ వైద్యులు ఎర్బ్, వెస్ట్‌ఫాల్ 1875లోనే దీన్ని విడివిడిగా వివరించారు. పట్టేసిన నడుము మీద మోకాలు పెట్టి ఒక్కసారిగా నొక్కితే ఈ రిఫ్లెక్సే రెచ్చిపోవచ్చు. సెలూన్లో మెడ తిప్పి విరిచే అలవాటు మరీ ప్రమాదకరం. అరుదుగానైనా మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

అదే చెయ్యి నెమ్మదిగా, లయగా కదిలితే కథ మారుతుంది. పిక్కను పిసుకుతున్నంతసేపూ వెన్నుపాము రిఫ్లెక్స్ తగ్గుతుందని, మర్దన ఆపాక కొద్దిసేపటికే మళ్లీ మామూలవుతుందని 1990 ప్రాంతంలో కెనడా పరిశోధకులు చూపించారు. ఆ కాస్త వెసులుబాటును వాడుకోవాలి. మాలిష్ చేయించుకుని పడుకోవడం కంటే, సడలిన కండరాన్ని మెల్లగా కదిలించడమే మేలు. నొప్పి తగ్గడానికి ఇంకో దారీ ఉంది. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని పరిశోధకులు మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించారు.

1932 నోబెల్ అందుకున్న నాడీశాస్త్రవేత్త షెరింగ్టన్ చూపిన సూత్రం ఇంకా పనికొస్తుంది. ఒక కండరం ముడుచుకుంటుంటే దాని ఎదుటి కండరాన్ని వదులు కమ్మని వెన్నుపామే చెబుతుంది. మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాలు మోసిన హమాలీకి అర్ధరాత్రి పిక్క పట్టిందనుకుందాం. మోకాలు చాపి, పాదం వేళ్లను తనంతట తానే ముఖం వైపు లాక్కోవాలి. కాలి ముందు వైపు కండరం పనిచేస్తుంది, పిక్క వదులుతుంది, సాగుతుంది కూడా. ఫిజియోథెరపిస్టులు ఇంకొకటి చేయిస్తారు: బిగిసిన కండరాన్ని కొన్ని సెకన్లు తేలిగ్గా బిగించి వదిలాక సాగదీయడం. స్నాయువుల్లోని గాల్జీ గ్రాహకాలే దీనికి కారణమని చాలాకాలం చెప్పారు. సాగుడును ఓర్చుకునే శక్తి పెరగడమే అసలు కారణమని ఇప్పుడు చాలామంది అంటున్నారు. వివరణ మారినా పద్ధతి వాడుకలోనే ఉంది.

అన్ని బిగుతులూ కండరానివి కావన్నది ఉమ్మడి నల్లగొండ జిల్లాకు బాగా తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే లిగమెంట్లలో కాల్షియం పేరుకుని వెన్ను వంగడం మానేస్తుంది. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో పరిశోధకుడు షార్ట్ బృందం 1937లోనే ఈ జబ్బును నమోదు చేసింది. అలా ఎముకలా గట్టిపడిన లిగమెంట్లను ఏ రిఫ్లెక్సూ సడలించలేదు. పైగా వెన్నుపాము నలుగుతున్న మనిషి వీపును గట్టిగా నొక్కితే ముప్పే. వంగలేని వెన్నుకు ముందు ఎక్స్‌రే తీయించాలి. ఒక్క కాలి పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అలాంటి కాలికి మర్దన చేయకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.