స్పోర్ట్స్ కారునకు క్రొత్త టైర్లు: ఎన్నుకొను విధము

మోటారు కారు ఎంత ఖరీదైనదైనను, దాని యంత్రము ఎంత బలమైనదైనను, అది నేలను తాకునది నాలుగు చోట్ల మాత్రమే. ఆ నాలుగు చోట్ల వైశాల్యమెంతయో మన బడిపిల్లల లెక్కతోనే తెలిసికొనవచ్చును. పన్నెండువందల కిలోగ్రాముల బరువుగల కారు ననుకొందము. ఒక్కొక్క చక్రముమీద మూడువందల కిలోగ్రాములు పడును. టైరులోని గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 2.25 కిలోగ్రాములు. మూడువందలను 2.25చేత భాగించినచో 133 చదరపు సెంటీమీటర్లు వచ్చును. మన తపాలా కార్డు వైశాల్యము 126 చదరపు సెంటీమీటర్లు. అనగా ఇంచుమించు నాలుగు తపాలా కార్డులంత మేర మాత్రమే కారును, అందు కూర్చున్నవారిని నేలకు పట్టియుంచుచున్నది. బ్రేకు వేసినను, మలుపు త్రిప్పినను, వడి పెంచినను భారమంతయు ఆ కొద్దిమేరమీదనే పడును.

పాఠశాల వార్షిక సంచికలో టైర్లను గూర్చిన వ్యాసమేమని తల్లిదండ్రులు కొందరు అనుకొనవచ్చును. మన పిల్లలు చదువు ముగించి ఉద్యోగములలో ప్రవేశించిన పిమ్మట మొదట కోరుకొను వస్తువులలో వాహనమొకటి. వారిలో కొందరికి వడిగల కార్లయందు మక్కువ మెండు. క్రొత్త స్పోర్ట్స్ కారు కొను శక్తి చాలక పాతదానిని కొనువారును కలరు. అట్టివారికి మొట్టమొదట ఎదురగు పెద్దఖర్చు టైర్లే. కుమారుడు ఆ సంగతి చెప్పినపుడు, “ఏదో ఒకటి వేయించరా, చక్రము తిరిగిన చాలును గదా” అని తండ్రి అనుట సహజము. ఆ మాట ఎందుకు చాలదో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందు చెప్పబోవునది చాలవరకు మన ఇంటి కారునకును వర్తించును.

టైరు పుట్టుక

1839లో అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో చేర్చి కాచినయెడల అది వేడికి కరగక, చలికి పెళుసుబారక నిలుచునని కనుగొనెను. 1845లో స్కాట్లండు దేశీయుడగు రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను గాని అది ప్రచారములోనికి రాలేదు. బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి కుదుపు తగ్గించుటకై గాలిటైరు నమర్చి, 1888లో దానికి పేటెంటు పొందెను. 1895లో ఫ్రాన్సు దేశమున పారిస్ నుండి బోర్డోకు పోయి వచ్చు పందెములో మిషెలిన్ సోదరులు గాలిటైర్లు తొడిగిన కారును నడిపిరి. త్రోవలో టైర్లు పలుమార్లు పంక్చరైనను, మోటారు కారునకు గాలిటైరు పనికివచ్చునని వారు లోకమునకు చూపిరి. 1946లో అదే సంస్థ రేడియల్ టైరునకు పేటెంటు తీసికొనెను. ఇందు లోపలి దారములు టైరు ఒక అంచునుండి రెండవ అంచునకు తిన్నగా సాగును. వానిపై ఉక్కుతీగల పట్టీ యుండును. నేటి కార్లన్నిటికి వాడునది ఈ రకమే.

మన చెన్నపురికిని ఈ కథలో చోటు కలదు. 1946లో తిరువొత్తియూరులో ఆటబుడగలు చేయుటతో ఆరంభమైన చిన్న పరిశ్రమయే పిమ్మట మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ అను పేర పెద్ద టైర్ల సంస్థగా పెరిగినది.

టైరుమీది వ్రాత

టైరు ప్రక్కభాగమున అచ్చువేసిన అంకెలు, అక్షరములు దాని జాతకము వంటివి. 205/55 ఆర్ 16 91 వి అని యున్నదనుకొందము. 205 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అనునది ప్రక్కగోడ ఎత్తు. వెడల్పులో నూటికి ఏబదియైదు వంతులని అర్థము. ఆర్ అనగా రేడియల్. 16 అనునది లోపలి లోహచక్రము వ్యాసము, అంగుళములలో. 91 అనునది బరువు సంకేతము. ఈ టైరు 615 కిలోగ్రాములు మోయగలదు. చివరి అక్షరము వేగమును తెలుపును. టి యన్న గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ యన్న 210, వి యన్న 240, డబ్ల్యు యన్న 270, వై యన్న 300.

“మన రోడ్లమీద నూటయిరువది మించి పోగూడదు గదా, మూడువందల టైరెందుకు?” అని అడుగవచ్చును. టైరు దొరలునపుడు నేలను తాకిన భాగము నొక్కుకొని, పైకి లేచినపుడు మరల నిక్కును. ఈ నొక్కుడువలన వేడి పుట్టును. వేగము హెచ్చినకొలది వేడి హెచ్చును. ఆ వేడిని ఓర్చుకొనునట్లు గట్టిగా కట్టిన టైరునకే పై అక్షరము లభించును. ఆ కట్టుబాటు మలుపులలోను, గట్టిగా బ్రేకు వేసినపుడును అక్కరకు వచ్చును. కారు తయారుచేసినవారు తమ బండి బరువును, బలమును చూచి ఒక అక్షరమును నిర్ణయించి యుందురు. డ్రైవరు తలుపు చట్రముమీద అంటించిన చీటిలోను, కారుతో ఇచ్చిన పుస్తకములోను టైరు వివరములుండును. బరువు సంకేతముగాని, వేగాక్షరముగాని అందు చెప్పినదానికి తక్కువ కాకూడదు.

స్పోర్ట్స్ కార్లలో ముందు టైరు, వెనుక టైరు ఒకే కొలత కాకపోవుట కలదు. ఉదాహరణకు 2018లో వెలువడిన తరము పోర్షె 911 కరెరా కారునకు ముందు 235/40 జడ్‌ఆర్ 19, వెనుక 295/35 జడ్‌ఆర్ 20 వేయుదురు. యంత్రము వెనుక నుండుటచేత బరువును, త్రోపును వెనుక చక్రములపై ఎక్కువ. అట్టి కారునకు ముందు టైరును వెనుకకు, వెనుక టైరును ముందునకు మార్చుట కుదరదు. కనుక పాత కారు కొన్నవారు నాలుగు టైర్ల వ్రాతలను వేర్వేరుగా చదివి పుస్తకముతో సరిచూడవలెను.

టైరు వయస్సు

పాత స్పోర్ట్స్ కార్లకు గల చిక్కు ఏమనగా, అవి తక్కువగా నడచును. అందుచేత టైరు గాళ్లు అరుగక క్రొత్తవానివలె కన్పట్టును. రబ్బరు మాత్రము గాలికి, ఎండకు లోలోపల గట్టిపడి పట్టు కోల్పోవును. వయస్సు తెలిసికొనుటకు మార్గము కలదు. డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగు అంకెలుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున చేసినదని అర్థము. మోటారు కార్ల సంస్థలలో పెక్కు ఆరేండ్లకు టైరు మార్చుమని చెప్పుచున్నవి. టైర్ల సంస్థలలో కొన్ని, అయిదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్ష చేయించవలెననియు, పదేండ్లు నిండినచో చూపునకు బాగున్నను తీసివేయవలెననియు చెప్పుచున్నవి.

దీనికి ఒక విషాదకరమైన ఉదాహరణము కలదు. 2013 నవంబరు 30వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, సాంటా క్లారిటాలో చలనచిత్ర నటుడు పాల్ వాకర్, అతడు కూర్చున్న పోర్షె కరెరా జి.టి. కారును నడుపుచుండిన స్నేహితుడు, ఇరువురును ప్రమాదమున మరణించిరి. మరుసటి సంవత్సరము మార్చిలో దర్యాప్తు అధికారులు తమ నిర్ణయమును ప్రకటించిరి. గంటకు 72 కిలోమీటర్లు మించగూడని రోడ్డుమీద ఆ కారు సుమారు 130, 150 కిలోమీటర్ల నడుమ పోవుచుండెననియు, ప్రమాదకారణము అతివేగమే యనియు తేల్చిరి. దానితోపాటు టైర్లు తొమ్మిదేండ్ల నాటివనియు, అందువలన కారు అదుపు తగ్గియుండవచ్చుననియు కూడ చెప్పిరి. మంచి టైరు అతివేగమును క్షమింపదు. ముసలి టైరైతే ఉన్న కొద్దిపాటి అవకాశమును కూడ హరించును.

రబ్బరు స్వభావము

చెన్నపురి సమీపమున షోలవరములోని పాత విమానపు బాటమీద పూర్వము కార్ల పందెములు జరుగుచుండెడివి. 1990 నుండి శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో అందుకై ప్రత్యేకమైన బాట ఏర్పడినది. పందెపు కారునకు పొడి నేలమీద గాళ్లు లేని నున్నని టైర్లు వేసి, వాన వచ్చినచో గాళ్లున్నవి మార్చుదురు. రోడ్డుమీది కారునకు అట్టి వీలు లేదు. బయలుదేరినపుడు ఎండయైనను, తిరిగి వచ్చునపుడు వానయైనను ఆ టైర్లే దిక్కు.

టైరుమీది గాళ్లు నీటిని ప్రక్కలకు తోసివేయుటకై ఉన్నవి. వేగము మించినను, గాళ్ల లోతు తగ్గినను, నీరు తప్పుకొనుటకు వ్యవధి చాలదు. టైరు నీటిమీద తేలును. అపుడు స్టీరింగు త్రిప్పినను, బ్రేకు త్రొక్కినను ఫలితముండదు. వెడల్పైన టైరు నీటిమీద మరింత సులభముగా తేలును గనుక స్పోర్ట్స్ కారునకు ఈ భయము ఎక్కువ. గాళ్ల అడుగున చిన్న మెట్లవంటివి కొన్ని యుండును. పైరబ్బరు వానితో సమమైనచో మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లే. అది కారు టైరునకు చట్టము ఒప్పుకొను కడపటి హద్దు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మన చెన్నపురిలో కురియు వానలకు ఆ హద్దు చాలదు. మూడు మిల్లీమీటర్లకు వచ్చినపుడే మార్చుట మేలు.

మెత్తని రబ్బరు రోడ్డును బాగుగా పట్టును, త్వరగా అరుగును. గట్టిది ఎక్కువకాలము మన్నును, పట్టు తక్కువ. అమెరికాలో అమ్మకమునకును తగినట్లు చేసిన టైర్లమీద ట్రెడ్‌వేర్ అను మాట, దాని ప్రక్క ఒక సంఖ్య యుండును. సంఖ్య పెద్దదైనకొలది మన్నిక హెచ్చు. రెండువందలు, అంతకు లోపు ఉన్నవి సాధారణముగా పందెపుబాటమీద సరదాగా నడుపువారికై చేసినవి. వానిలో గాళ్లు తక్కువ. వానలో అవి నమ్మదగినవి కావు. రోజూ కార్యాలయమునకు పోవువాడు వానిని కొనుట తగదు. అట్లే మంచుదేశములకై చేసిన టైరు మన ఎండకు మెత్తబడి త్వరగా అరుగును. వేసవి టైరని పేరుగల స్పోర్ట్స్ రకము, వానలో పట్టు బాగున్నదని పరీక్షలలో తేలినది, మనకు తగినది.

కొలత మార్చుట

అందమునకై పెద్ద చక్రములు వేయించు యువకులు కలరు. చక్రము పెద్దదైనచో ప్రక్కగోడ ఎత్తు తగ్గించి మొత్తము వ్యాసమును మారకుండ చూడవలెను. 205/55 ఆర్ 16 టైరును తీసికొనుడు. ప్రక్కగోడ 112.75 మిల్లీమీటర్లు, రెండువైపుల కలిపి 225.5, పదునారు అంగుళములు 406.4, మొత్తము 631.9 మిల్లీమీటర్లు. దీనికి బదులు 225/45 ఆర్ 17 వేసినచో 202.5, 431.8 కలిపి 634.3 అగును. భేదము రెండున్నర మిల్లీమీటర్లలోపే గనుక లెక్క కుదిరినది. ఇంత లెక్క చూడక వేసినచో వేగమాపకము తప్పు చూపును, టైరు బండి అంగమునకు రాసుకొనును. లెక్క కుదిరినను గోడ ఎత్తు తగ్గినందున రోడ్డు గుంతలలో లోహచక్రము దెబ్బతినును. కారుతో వచ్చిన కొలతనే ఉంచుట అన్నివిధముల క్షేమము.

జతలు

ఒకే ఇరుసునకు రెండువైపుల ఒకే సంస్థ, ఒకే రకము, ఒకే కొలత టైర్లుండవలెను. నాలుగును మార్చుటకు డబ్బు చాలక రెండే కొన్నచో, ముందు వెనుక కొలతలు ఒకటియైన కారునకు క్రొత్తవానిని వెనుక చక్రములకు వేయవలెను. యంత్రబలము ముందు చక్రములకు పోవు కారునకును ఇదియే నియమము. ముందు టైరు జారినచో కారు తిన్నగా పోవజూచును. వేగము తగ్గించిన మరల అదుపులోనికి వచ్చును. వెనుక టైరు జారినచో కారు గిరగిర తిరుగును. నేర్పరికి తప్ప అది లొంగదు. నాలుగు చక్రములకును బలము పోవు కార్లలో మాత్రము నాలుగు టైర్ల అరుగుదల ఇంచుమించు సమముగా నుండవలెను.

అంగడివద్ద

అంగడికి పోయినపుడు తేదీ అంకెలు, ఐ.ఎస్.ఐ. ముద్ర, బరువు సంకేతము, వేగాక్షరము మన కంటితో చూచుకొనవలెను. కొన్ని టైర్లకు తిరుగవలసిన దిక్కును తెలుపు బాణపుగుర్తు, కొన్నిటికి బయటివైపు ఏదో తెలుపు మాట యుండును. పనివాడు దానిని పాటించెనో లేదో గమనింపవలెను. వాల్వు క్రొత్తది వేయించి, చక్రమునకు బ్యాలన్సింగు, బండికి అలైన్‌మెంటు చేయించవలెను. గాలి ఒత్తిడి తలుపు చట్రముమీది చీటిలో ఉన్నంత పట్టవలెను. టైరుమీద ముద్రించిన గరిష్ఠపు అంకె అందుకు ఉద్దేశింపబడినది కాదు. బండి చల్లగా ఉన్నపుడే ఒత్తిడి చూడవలెను. క్రొత్త టైరు పైపొర నున్నగా నుండును గనుక మొదటి కొన్నివందల కిలోమీటర్లు నిదానముగా నడుపవలెను.

ఇంత ఖర్చు భరింపలేమని తోచినచో, ఆ కారును డబ్బు కూడువరకు షెడ్డులో ఉంచుట గౌరవమునకు భంగము కాదు. ముసలి టైర్లతో నడుపుటకంటె అది మేలు. తల్లిదండ్రులు ఈ సంచిక చదివిన సాయంకాలమే తమ ఇంటి వాహనముచెంత పిల్లలను కూర్చుండబెట్టి ఆ నాలుగు తేదీ అంకెలను చదివింతురుగాక. పిల్లలకు లెక్క వచ్చును, మనకు టైరు వయస్సు తెలియును. ఆ అంకెలు మరీ పాతవైనచో, ఆదివారపు ప్రయాణమునకు ముందే టైర్ల అంగడికి పోవుదుము గాక.