ఆట ఆయనది, ఇల్లు ఆమెది

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో క్రీడాకారుల భార్యలకు స్కోరు కన్నా ముఖ్యమైన లెక్కలు చాలానే ఉన్నాయి

ఖరగ్‌పూర్ మట్టి ఎరుపు. క్రికెట్ దుస్తులు తెలుపు. ఈ రెండింటి తగవు తీరేది మాత్రం రైల్వే క్వార్టర్ పెరట్లో, బట్టలుతికే బండ మీద. సేర్సా స్టేడియంలో క్యాచ్ కోసం దూకిన మనిషి ఇంటికొచ్చి నడుం వాలుస్తాడు. ప్యాంటు మోకాలి దగ్గర పట్టిన మరకతో కుస్తీ పట్టేది ఆయన భార్య.

ప్రొఫెషనల్ ఆటగాడంటే కోట్ల కాంట్రాక్టులు గుర్తొస్తాయి. ఈ రైల్వే పట్నంలో ఆ మాటకు అర్థం వేరు. ఇక్కడ ఆటగాడంటే స్పోర్ట్స్ కోటా ఉద్యోగి. టికెట్లు తనిఖీ చేస్తాడు, లేదా ఆఫీసులో ఫైళ్లు చూస్తాడు, ప్రాక్టీసు వేళకు మైదానానికి వెళ్తాడు. ఇది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటి సంప్రదాయం. మూడు ఒలింపిక్ స్వర్ణాల హాకీ దిగ్గజం లెస్లీ క్లాడియస్ 1940లలో ఇక్కడికి వచ్చింది ఫుట్‌బాల్ ఆడేందుకు. హాకీ కర్ర పట్టింది ఇక్కడే.

ఆ రైలు మార్గం వెంటే ఉత్తరాంధ్ర కుటుంబాలు కూడా ఖరగ్‌పూర్ చేరాయి. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడేవరకూ వాల్తేరు డివిజన్, ఖరగ్‌పూర్ డివిజన్ ఒకే ఆగ్నేయ రైల్వేలో ఉండేవి. శ్రీకాకుళంలో పిల్లనిచ్చి ఖరగ్‌పూర్‌కు పంపడమంటే పరాయి రాష్ట్రానికి పంపినట్టు కాదు. పెళ్లిచూపుల్లో బ్యాటింగ్ సగటు ఎవరికి కావాలి? గ్రేడ్ ఎంత, క్వార్టర్ వచ్చిందా, ఇవే ప్రశ్నలు. ఆట వల్ల ఉద్యోగం వచ్చింది సరే, ఆట పోయినా ఉద్యోగం ఉంటుందా అన్నది పిల్ల తండ్రి అడగాల్సిన అసలు ప్రశ్న. ఉంటుంది. అందుకే సంబంధం కుదురుతుంది.

కాపురం మొదలయ్యాక తెలిసేది వేరే సంగతి. ఇంట్లో అందరికీ ఒక వంట, ఆయనకొక వంట. గుడ్లు, మొలకెత్తిన శనగలు, పాలు అదనపు ఖర్చు. ఆ ఖర్చు గుమాస్తా జీతంలోంచే సర్దాలి. గోల్‌బజార్‌లో కూరగాయల బేరం, పిల్లాడి బడి, అత్తగారిని రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆమె పనులే. సెలవులన్నీ టోర్నమెంట్లకే సరిపోతే పుట్టింటి ప్రయాణం వాయిదా పడుతుంది. రైలు పాస్ చేతిలోనే ఉంటుంది, వెంట వచ్చే మనిషి ఉండడు. క్రికెట్ సీజన్ శీతాకాలంలోనే కాబట్టి సంక్రాంతి అల్లుడు చాలాసార్లు ఏదో ఊళ్లో ప్యాడ్లు కట్టుకుని ఉంటాడు.

రంజీ ట్రోఫీకి రైల్వేస్ జట్టులో చోటు దొరికితే దూరం ఇంకా పెరుగుతుంది. 2001-02లోనూ, 2004-05లోనూ ఆ ట్రోఫీ గెలిచిన జట్టు అది. దాని సొంత మైదానంగా పేరుపడింది ఢిల్లీలోని కర్నైల్ సింగ్ స్టేడియం. అంటే ‘సొంతగడ్డ’ మీద ఆడుతున్నప్పుడు కూడా ఖరగ్‌పూర్ ఆటగాడు ఇంటికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటాడు. విదేశీ పర్యటనల్లో భార్యాబిడ్డలు ఎన్నాళ్లు ఉండవచ్చో 2025లో క్రికెట్ బోర్డు నిబంధన పెడితే పెద్ద చర్చ జరిగింది. ఈ క్వార్టర్లలో ఆ చర్చకు తావు లేదు. వీళ్లను వెంట తీసుకెళ్లేదెవరు?

అమెరికా బేస్‌బాల్ ఆటగాడి భార్య వీళ్లను చూసి అసూయపడినా ఆశ్చర్యం లేదు. అక్కడ మేజర్ లీగ్ జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది, సగం పరాయి ఊళ్లలో. దాని కింది మైనర్ లీగుల్లో అయితే ఏ ఊళ్లో అద్దెకు దిగాలో కూడా ముందుగా తెలియని బతుకు. అక్కడి ఆటగాళ్లలో ఎక్కువ మందికి క్లబ్బులే వసతి ఇవ్వాలన్న నిబంధన 2022లో గానీ రాలేదు. మేజర్‌కు ఒక్క మెట్టు కిందనున్న ట్రిపుల్-ఎ స్థాయిలో కనీస వార్షిక వేతనం 17,500 డాలర్ల నుంచి 35,800కు పెరిగింది 2023 ఒప్పందంతోనే. ఖరగ్‌పూర్ క్వార్టర్ ఇరుకే కావచ్చు. ఒకటో తారీఖు జీతం మాత్రం వికెట్లతో నిమిత్తం లేకుండా వస్తుంది.

ఆ జీతమే సంకెల కూడా. 2001 నుంచి 2003 దాకా ఇక్కడ టికెట్ తనిఖీ చేసిన మహేంద్ర సింగ్ ధోనీ ఖరగ్‌పూర్‌ను వదిలి వెళ్లాడు, 2004 డిసెంబర్‌లో భారత జట్టుకు ఆడాడు. 2016లో వచ్చిన సినిమాలో ప్లాట్‌ఫాం మీద అతని మథనం అందరూ చూశారు. అయితే ఒక చిన్న వివరం. అప్పటికి అతను బ్రహ్మచారి. అతని పెళ్లి 2010లో. ఇంట్లో భార్య, చంటిబిడ్డ, చీటీ వాయిదాలు ఉన్నవాడికి ఆ సాహసం ఎంత కష్టమో ఈ క్వార్టర్లలో ఎవరినీ అడగనక్కర్లేదు. అతని వెనక మిగిలిపోయిన ఆటగాళ్లంతా ప్రతిభ లేక ఆగిపోయారనుకోవడం తొందరపాటే.

భార్యే క్రీడాకారిణి అయినప్పుడు లెక్క మరోలా ఉంటుంది. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 1997లో సాటి వెయిట్‌లిఫ్టర్ రాజేశ్ త్యాగిని పెళ్లాడారు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం సాధించింది పెళ్లయిన మూడేళ్ల తర్వాతే. ఇంటి మనిషికి బరువు విలువ తెలిస్తే చాలా మారుతుంది. అలాంటి ఇళ్లు ఇప్పటికీ తక్కువే.

ఖరగ్‌పూర్ ఆటగాడు ముప్పై అయిదు దాటాక మోకాలు మొరాయిస్తుంది. ప్రాక్టీసు సడలింపులు పోతాయి, పూర్తి డ్యూటీ రోస్టర్ చేతికొస్తుంది. కిట్ బ్యాగ్ అటకెక్కుతుంది. ఆ ఏడాది ఆయన సంక్రాంతికి ఇంట్లోనే ఉంటాడు, నైట్ డ్యూటీ పడకపోతే.