వెబ్ సర్వర్ కోడ్ అందరిదీ.. మరి నిర్ణయం ఎవరిది?

మీరు ఫోన్‌లో ఏ సైట్ ఓపెన్ చేసినా, అవతల ఒక వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఆ పేజీని మీకు పంపిస్తుంది. వీటిలో బాగా వినిపించే పేర్లు అపాచీ, ఇంజిన్ఎక్స్. రెండూ ఫ్రీ, రెండూ ఓపెన్ సోర్సే. కానీ పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు తేడా.

ప్యాచ్‌లతో పుట్టిన అపాచీ

అమెరికాలోని ఎన్‌సీఎస్ఏ సంస్థలో రాబ్ మెక్‌కూల్ రాసిన సర్వర్‌ని అప్పట్లో చాలామంది వాడేవారు. 1994లో ఆయన వెళ్లిపోవడంతో డెవలప్‌మెంట్ ఆగిపోయింది. బగ్స్‌ని ఎవరికి వారే సరిచేసుకున్న వెబ్‌మాస్టర్లు, ఆ ప్యాచ్‌లన్నీ ఈమెయిల్‌లో పంచుకుని, ఒకచోట చేర్చి 1995 ఏప్రిల్‌లో అపాచీని విడుదల చేశారు. 1999 నుంచి దాని బాధ్యత లాభాపేక్ష లేని అపాచీ ఫౌండేషన్‌ది.

ఒక్కడు మొదలుపెట్టిన ఇంజిన్ఎక్స్

రష్యాకు చెందిన ఇగోర్ సిసోయెవ్ 2004లో దీన్ని రిలీజ్ చేశాడు. అప్పటి అపాచీ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ కేటాయిస్తే, ఇందులో కొద్దిపాటి వర్కర్ ప్రాసెస్‌లే వేల కనెక్షన్లు చూసుకుంటాయి. అందుకే ర్యామ్ తక్కువ చాలు. 2011లో దీని చుట్టూ కంపెనీ వచ్చింది. 2019లో ఎఫ్5 ఆ కంపెనీని 67 కోట్ల డాలర్లకు కొనేసింది.

గొడవ ఎక్కడ వచ్చింది?

2024 ఫిబ్రవరిలో హెచ్‌టీటీపీ/3 కోడ్‌లో బగ్స్ బయటపడ్డాయి. ఎఫ్5 వాటికి సీవీఈ నంబర్లు ఇచ్చి సెక్యూరిటీ లోపాలుగా ప్రకటించింది. ఎక్స్‌పెరిమెంటల్ ఫీచర్‌కి అది అవసరం లేదన్నది సీనియర్ డెవలపర్ మాక్సిమ్ డౌనిన్ వాదన. యూజర్లు దాన్ని నిజంగానే వాడుతున్నారు కాబట్టి చెప్పాల్సిందేనన్నది ఎఫ్5 మాట. యూజర్ వైపు నుంచి చూస్తే ఎఫ్5 మాటే సబబు. కానీ డెవలపర్ల పాలసీని మేనేజ్‌మెంట్ పక్కనపెట్టిందన్నది డౌనిన్ అభ్యంతరం. ఆయన బయటికొచ్చి ఫ్రీఇంజిన్ఎక్స్ పేరుతో ఫోర్క్ మొదలుపెట్టాడు.

బీఎస్‌డీ లైసెన్స్ వల్ల కోడ్ మొత్తం వెంట తీసుకెళ్లగలిగాడు. పాత పేరు, దానికున్న గుర్తింపు మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయాయి.

మీరేం చూడాలి?

ఏ ప్రాజెక్ట్‌ని నమ్ముకునే ముందైనా లైసెన్స్ ఒక్కటే చూస్తే సరిపోదు. పేరు ఎవరిది, కోడ్ మార్చే హక్కు ఎంతమందికి ఉంది, వాళ్లంతా ఒకే కంపెనీ ఉద్యోగులా అన్నవి కూడా చూడండి.

ట్రై చేయాలనుకుంటే ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ వేసుకుంటే అపాచీ, ఇంజిన్ఎక్స్ రెండూ మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే రన్ అవుతాయి.