జుట్టు రాలడం: కారణాలు, చికిత్స, నేలతో ఆహారంతో గల సంబంధం

హైదరాబాదులో పంజగుట్ట కూడలి నుంచి బంజారాహిల్స్ వైపు సాగే దారుల్లో జుట్టు చికిత్సాలయాల ప్రకటన ఫలకాలు వరుసగా కనిపిస్తాయి. ఇక్కడికి కొద్ది దూరంలోనే అమీర్‌పేట వసతి గృహాలున్నాయి. సాఫ్ట్‌వేర్ శిక్షణ కోసం, పోటీ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చే యువతీ యువకులు వేల సంఖ్యలో వాటిలో నివసిస్తారు. వీరిలో చాలామంది రైతు కుటుంబాల పిల్లలే. దువ్వెనకు చిక్కుకున్న వెంట్రుకలను చూసి దిగులు చెందినవారు చికిత్సాలయం మెట్లెక్కుతారు. ఆ చికిత్సకయ్యే ఖర్చు తరచుగా ఊరిలోని పంట డబ్బు నుంచే వస్తుంది. అందువల్ల ఈ ప్రశ్న పండుగ సెలవులకు గ్రామానికి చేరి, మహిళా రైతుల సమావేశాల్లో విస్తరణ శాస్త్రవేత్త ముందుకు కూడా వస్తున్నది. సమాధానం చెప్పడానికి వైద్యుడే కానక్కరలేదు గాని, ఏ సందర్భంలో వైద్యుని వద్దకు పంపాలో తెలిసి ఉండడం అవసరం.

తలపై సుమారు 1 లక్ష వెంట్రుక కుదుళ్లు ఉంటాయి. ప్రతి కుదురుకూ పంటకాలం వంటి ఒక చక్రం ఉన్నది. పెరుగుదల దశ 2 నుంచి 6 సంవత్సరాలు, క్షీణ దశ 2, 3 వారాలు, విశ్రాంతి దశ సుమారు 3 నెలలు సాగుతాయి. ఆరోగ్యవంతుని తలలో 85 నుంచి 90 శాతం కుదుళ్లు పెరుగుదల దశలోనే ఉంటాయి. వెంట్రుక నెలకు దాదాపు 1 సెంటీమీటరు పెరుగుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. పైరు మొత్తం ఒకేసారి కోతకు రాకుండా, మడి మడికీ నాటిన తేదీ వేరైనట్లు, కుదుళ్లన్నీ వేర్వేరు దశల్లో ఉండడం వల్లనే తల ఎప్పుడూ నిండుగా కనిపిస్తుంది.

ఈ వరుస తప్పినప్పుడు తొలి రకం సమస్య ఏర్పడుతుంది. తీవ్రమైన జ్వరం, శస్త్రచికిత్స, ప్రసవం, పొట్ట మాడ్చుకొని హఠాత్తుగా బరువు తగ్గడం వంటి ఒత్తిడి కలిగినప్పుడు అధిక సంఖ్యలో కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్తాయి. వెంట్రుకలు వెంటనే రాలవు, 2, 3 నెలల తరువాత గుత్తులుగా రాలుతాయి. ఆగస్టులో డెంగీ బారిన పడిన విద్యార్థినికి నవంబరులో జుట్టు ఊడితే, ఆమె అప్పుడు వాడుతున్న షాంపూనో, వసతి గృహపు బోరు నీటినో నిందిస్తుంది. అసలు కారణం మూడు నెలల కిందటిదని ఆమెకు తోచదు. పైరుపై కనిపించే లక్షణానికి, దానికి కారణమైన దెబ్బకు మధ్య వ్యవధి ఉంటుందని ఎరిగిన వ్యవసాయ విద్యార్థికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఈ రకంలో కుదురు చావదు. కారణం తొలగితే దాదాపు 6 నెలల్లో రాలడం తగ్గి జుట్టు తిరిగి వస్తుంది. ఆ సమయంలో ఏ తైలం రాసినా ఫలించినట్లే కనిపిస్తుంది. తైలాల కీర్తిలో కొంత భాగం ఈ సహజ కోలుకోలుదే.

బోరు నీటి విషయం కొంత చెప్పుకోవాలి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు గల కఠిన జలంలో సబ్బు సరిగా నురగ రాదు, వెంట్రుక గరుకెక్కి మధ్యలో తెగుతుంది. అయితే తెగిన వెంట్రుక వేరు, కుదురు నుంచి ఊడిన వెంట్రుక వేరు. ఊడిన వెంట్రుక చివర చిన్న తెల్లని ఉబ్బు కనిపిస్తుంది. తెగినదానికి ఉండదు. ఈ చిన్న పరీక్షను ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. ఇక గుండు గీయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది కూడా నమ్మకమే. జీవమున్న భాగం చర్మం లోపల ఉన్నది, కత్తి తగిలేది మృత భాగానికి. మొద్దుగా తెగిన కొసల వల్ల కొత్త జుట్టు దట్టంగా అనిపిస్తుంది, అంతే.

రెండవది బట్టతల. ఇది జన్యువులకు, పురుష హార్మోనుకు సంబంధించినది. టెస్టోస్టిరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేస్ అనే ఎంజైము డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది. వంశపారంపర్యంగా సున్నితత్వం గల కుదుళ్లు దాని ప్రభావంతో ప్రతి చక్రంలోనూ చిన్నవై, చివరకు నూగు వంటి వెంట్రుకలనే ఇస్తాయి. పురుషుల్లో నుదుటి మూలల నుంచి, నడినెత్తి నుంచి మొదలవుతుంది. స్త్రీలలో పాపిడి వెడల్పవుతుంది. యుక్తవయస్సుకు ముందే వృషణాలు తొలగించబడిన వారికి బట్టతల రాదని జేమ్స్ హామిల్టన్ 1942లో చూపించాడు. దీనికి గల మందుల్లో మినాక్సిడిల్ మొదట రక్తపోటు మందు. వాడినవారికి ఒంటిపై రోమాలు పెరగడం గమనించిన తరువాతనే తలకు రాసే ద్రావణం వచ్చింది. ఫలితానికి కనీసం 4 నుంచి 6 నెలలు పడుతుంది, మొదటి వారాల్లో మరికొంత రాలవచ్చు, మానితే లాభం పోతుంది. ఈ మూడు సంగతులు ముందుగా చెప్పకపోవడం వల్లనే చాలామంది రెండవ నెలలో మందు పారవేస్తారు. ఫినాస్టెరైడ్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. కొందరిలో లైంగిక సంబంధమైన దుష్ఫలితాలు కలుగుతాయి. గర్భిణులు దానిని వాడరాదు. ఈ మందులను మందుల దుకాణదారు సలహాపై మొదలుపెట్టడం తగదు.

వెంట్రుకల నాట్లు అనే శస్త్రచికిత్సలో తల వెనుక భాగంలో హార్మోనుకు లొంగని కుదుళ్లను తీసి ముందు భాగంలో నాటుతారు. వరి నాటులో నారుమడి ఎంత ఉంటే అంతే పొలం నాటగలం. ఇక్కడ కూడా వెనుక ఉన్న కుదుళ్ల సంఖ్యే హద్దు. 20 ఏళ్ల వయస్సులో, బట్టతల ఎంతవరకు సాగుతుందో తేలకముందే నాటించుకుంటే, నాటిన చోట జుట్టు నిలిచి దాని వెనుక ఖాళీ ఏర్పడవచ్చు. ఇది శస్త్రచికిత్స గనుక శిక్షణ పొందిన వైద్యుడే చేయాలి.

మూడవ రకాన్ని తెలుగువారు పేనుకొరుకుడు అంటారు. నాణెమంత గుండ్రని మచ్చలో జుట్టు పూర్తిగా పోతుంది. పేరు ఎంత సహజంగా ఉన్నా దీనికి పేలతో సంబంధం లేదు. శరీర రక్షణ కణాలు పొరపాటున తన కుదుళ్లపైనే దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. గ్రామాల్లో గురివింద గింజను అరగదీసి పూసే అలవాటున్నది. గురివిందలోని అబ్రిన్ అతి తీవ్రమైన విషం. పగిలిన చర్మంపై, ముఖ్యంగా పిల్లల తలపై పూయడం ప్రమాదకరం. ఈ విషయం విస్తరణ సిబ్బంది నోట గట్టిగా వినపడాలి. చిన్న మచ్చలు చాలామందిలో ఏడాదిలోపు వాటంతట అవే పూడుతాయి. లేనిచో వైద్యులు స్టిరాయిడ్ సూదిమందు ఇస్తారు. తీవ్రమైనవాటికి బారిసిటినిబ్ అనే మాత్రను అమెరికా ఔషధ సంస్థ 2022లో ఆమోదించింది. పిల్లల తలపై మచ్చతో పాటు పొట్టు, దురద ఉంటే అది తామర కావచ్చు. దానికి శిలీంద్ర నాశక మాత్రలు అవసరం, పైపూత చాలదు.

ఇక వ్యవసాయ శాస్త్రానికి దగ్గరగా ఉన్న భాగం పోషణ. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తితో తయారవుతుంది. అందులో గంధకం గల సిస్టీన్ అధికం. మాంసకృత్తులు, ఇనుము, జింకు కొరవడితే శరీరం ముందుగా పొదుపు చేసేది జుట్టు విషయంలోనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. కాబట్టి జుట్టు రాలుతున్నదని వచ్చిన యువతికి హీమోగ్లోబిన్, ఫెర్రిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించకుండా తలకు ఖరీదైన చికిత్స మొదలుపెట్టడం భూసార పరీక్ష లేకుండా సూక్ష్మపోషకాల డబ్బాలు అమ్మడం వంటిదే. లోపం లేనివారికి బయోటిన్ మాత్రలు మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పైగా అవి థైరాయిడ్ పరీక్ష, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షల ఫలితాలను తప్పుదారి పట్టించగలవు. రక్తమిచ్చే ముందు బయోటిన్ వాడుతున్న సంగతి చెప్పాలి.

పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానాహారమైన చోట జింకు తక్కువగా అందుతుంది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 45 రకం పాలిష్ బియ్యంలో కిలోకు సుమారు 22 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ భాగస్వామ్యంతో వచ్చిన ధనశక్తి సజ్జ రకంలో ఇనుము ఎక్కువ. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయడం ప్రధానంగా దిగుబడిని కాపాడుతుంది. గింజలో జింకు పెరగాలంటే పూత తరువాత ఆకులపై పిచికారీ ఎక్కువ ప్రయోజనకరం. అయితే ఈ రకాలు తిన్నంత మాత్రాన జుట్టు పెరుగుతుందని ప్రచారం చేయరాదు. లోపం ఉన్నవారిలో లోపం తీరడమే వాటి ఫలం.

లోపం వలెనే అధికం కూడా జుట్టును ఊడగొడుతుంది. 2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్దాణా జిల్లా షేగావ్ పరిసర గ్రామాల్లో కొద్ది రోజుల్లోనే అనేకులకు తల వెంట్రుకలు కుచ్చులుగా ఊడిపోయాయి. తొలి అనుమానం నీటిపై పడింది. తేలు కాటు చికిత్సలో పేరొందిన వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ బాధితుల రక్తంలో సెలీనియం అధికంగా, జింకు తక్కువగా ఉన్నట్లు నివేదించి, ఉత్తరాది నుంచి వచ్చిన రేషను గోధుమలను కారణంగా చూపారు. పంజాబులోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో శివాలిక్ కొండల నుంచి కొట్టుకువచ్చిన మట్టితో ఏర్పడిన సెలీనియం నేలలున్నాయని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. క్షార నేలల్లో సెలీనియం సెలినేట్ రూపంలో ఉండి, సల్ఫేట్ వెళ్లే మార్గంలోనే మొక్కలోకి ప్రవేశిస్తుంది. అందుకే జిప్సం వేస్తే దాని గ్రహణం తగ్గుతుంది. చైనాలోని ఎన్‌షీ ప్రాంతంలో 1961-64 మధ్య ఇదే మూలకం వల్ల జుట్టు, గోళ్లు ఊడిన ఉదంతం ప్రసిద్ధమైనది. ఒక కుటుంబంలోనో, ఒక ఊరిలోనో పలువురికి ఒకేసారి జుట్టు ఊడితే షాంపూ గురించి గాక ధాన్యం, నీరు, ఎలుకల మందు గురించి అడగాలి. థాలియం కూడా ఇదే విధంగా 2, 3 వారాల్లో తలను బోడి చేస్తుంది.

పశువుల్లో దీనికి సమాంతరం మన చేలగట్లపైనే ఉన్నది. ప్రకాశం, కృష్ణా, ఖమ్మం ప్రాంతాల్లో కాగితపు గుజ్జు కోసం పెంచే సుబాబుల్‌లో మిమోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అలవాటు లేని పశువుకు ఈ మేత అధికంగా వేస్తే వెంట్రుకలు రాలి, థైరాయిడ్ ఉబ్బుతుంది. పందులు, గుర్రాలకు ముప్పు మరింత ఎక్కువ. దీనిని విచ్ఛిన్నం చేసే సినర్జిస్టిస్ జోన్సీ అనే సూక్ష్మజీవిని హవాయి మేకల కడుపులో గుర్తించి ఆస్ట్రేలియా పశువులకు అందించారు. మేపులో సుబాబుల్ మూడవ వంతుకు మించకుండా, క్రమంగా అలవాటు చేయాలని రైతుకు చెప్పాలి.

మచ్చలతో, చీముతో, నొప్పితో జుట్టు పోవడం, స్త్రీలలో నెలసరి తప్పడం, కీళ్ల నొప్పులతో ముఖంపై ఎర్రదనం రావడం ఉన్నప్పుడు ఆలస్యం చేయరాదు. కుదురు స్థానంలో మచ్చ కణజాలం ఏర్పడితే మందుతో జుట్టు తిరిగి రాదు. ఇటువంటి రోగిని పెద్దాసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి పంపాలి. పంపేటప్పుడు గత 6 నెలల్లో వచ్చిన జ్వరాలు, కాన్పు, వాడిన మందులు, తిన్న ధాన్యం ఎక్కడిదన్న వివరాలను ఒక కాగితంపై రాసి ఇవ్వాలి.