పారేసిన కిడ్నీ, నల్లజాతి లెక్క

చనిపోయిన మనిషి నుంచి తీసిన కిడ్నీకి రంగు ఉంటుందా అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ అమెరికా లెక్కల్లో 2024 దాకా ఉంది. 1972లో బొంబాయి దళిత్ పాంథర్స్ అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచి పేరూ స్ఫూర్తీ తీసుకున్నారు. ఆ నల్లజాతి ప్రజల ఈ అనుభవం కూడా మనకు తెలియాలని మేము అనుకుంటున్నాము.

అమెరికాలో సుమారు 90 వేల మంది కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నారు. అయినా చనిపోయిన దాతల నుంచి తీసిన కిడ్నీల్లో ఇటీవల దాదాపు నాలుగో వంతు ఎవరికీ అమర్చకుండానే పోతున్నాయి. అన్నీ పనికిరానివేనా? కావు. 2004-2014 మధ్య లెక్కలను పోల్చిన పరిశోధన ఒకటి 2019లో వచ్చింది. అమెరికా 17.9 శాతం పారేస్తే ఫ్రాన్స్ పారేసింది 9.1 శాతమే. అమెరికా వద్దన్న వాటిలో సగానికి పైగా ఫ్రాన్స్ పద్ధతిలో వాడుకునేవేనని అందులో తేలింది.

ఎందుకిట్లా? తీసిన కిడ్నీ చల్లటి పెట్టెలో గంటగంటకూ పాడవుతుంది. ఒక ఆస్పత్రి కాదంటే ఇంకోదాన్ని అడగాలి. ఇంతమంది వద్దన్నారంటే ఏదో లోపం ఉందని తర్వాతివాళ్లూ వెనక్కి తగ్గుతారు. అమర్చినది చెడిపోతే ఆస్పత్రి పేరు పోతుంది, కాదంటే పోయేది తక్కువ.

దీనికి తోడు మార్కులు. 2009లో తయారైన సూత్రం ఆధారంగా, 2014 డిసెంబరు నుంచి ప్రతి దాత కిడ్నీకీ కె.డి.పి.ఐ. అనే అంకె వేసి పంచుతున్నారు. అంకె పెరిగితే నాసిరకమని అర్థం. 85 దాటినవి ఎక్కువగా పారేస్తారు. వయసు, బీపీ, షుగర్‌తో పాటు దాత నల్లజాతి అయినా అంకె పెరిగేది. ఎ.పి.ఒ.ఎల్.1 అనే జన్యువులో రెండు ప్రమాదకర మార్పులున్న కిడ్నీలు త్వరగా చెడిపోతాయన్నది నిజమే. కానీ అవి ఉండేది నల్లవారిలో కొద్దిమందికే. కొందరిలో ఉన్నదాన్ని పుట్టుకను బట్టి అందరికీ అంటగట్టడం మనకు కొత్తా?

రోగుల సంగతి ఇంకో తీరు. కిడ్నీ పనితీరు కొలిచే లెక్కలో నల్లవారికి జాతి పేరుతో అంకె పెంచేవారు. పనితీరు 20కి పడిపోతేనే నిరీక్షణ కాలం మొదలవుతుంది కాబట్టి, వాళ్లు క్యూలోకి ఆలస్యంగా చేరేవారు. అంటే నల్లవాడు ఇచ్చే కిడ్నీ నాసిరకం, నల్లవాడి ఒంట్లో చెడిన కిడ్నీ మాత్రం ఇంకా బాగున్నట్టే! రెండు వైపులా నష్టం వాళ్లకే.

రోగుల లెక్కలో జాతిని 2022లో నిషేధించారు. పోయిన నిరీక్షణ కాలాన్ని తిరిగి కలపాలని 2023 జనవరి నుంచి ఆస్పత్రులను ఆదేశించారు. 2024లో కె.డి.పి.ఐ. నుంచీ జాతిని తీసేశారు.

అంతటితో వృథా ఆగదు. ఎవరూ తీసుకోరనిపించే కిడ్నీని మొదటే వాడే ఆస్పత్రులకు చూపాలి. యంత్రంతో ద్రవం పంపి దాన్ని కాపాడాలి. ఆస్పత్రి ఎన్ని అమర్చిందో కాదు, ఎన్ని కాదన్నదో కూడా లెక్కించాలి. తన పేరున వచ్చిన కిడ్నీని వద్దన్నారని రోగికి చెప్పాలి.

సూత్రాలు ఆకాశం నుంచి ఊడిపడవు, మనుషులే రాస్తారు. కాబట్టి అంకె చూపించినప్పుడల్లా అందులో ఎవరిని ఎట్లా లెక్కేశారని అడగడం మన పని.