కోటవాకిలి కాచిన పెపే

ఫుట్‌బాల్ క్రీడయందు గోలు చేసినవానికి జయజయధ్వానములు లభించును. గోలు పడకుండ అడ్డుకొన్నవాని పేరు పెక్కుమందికి జ్ఞప్తియుండదు. కోటను పట్టుకొన్న వీరుని గూర్చి కథలు చెప్పుకొందురు. రాత్రియంతయు మేల్కొని కోటవాకిలి కాచినవానిని మఱచిపోవుదురు. అట్టి కావలిపనిని ఇరువదియేండ్లకు పైగా నిర్వహించి, 2024వ సంవత్సరమున 41 ఏండ్ల వయసున ఆట విరమించిన పోర్చుగల్ క్రీడాకారుడు పెపే.

పెపే 1983 ఫిబ్రవరి 26వ తేదీన బ్రెజిలు దేశమున, సముద్రతీరమందలి మసెయో నగరమున జన్మించెను. ఆతని పూర్తి పేరు కెప్లెర్ లవెరాన్ దె లిమ ఫెరైర. అందలి మొదటి రెండు మాటలును శాస్త్రజ్ఞుల పేర్లు. గ్రహముల గతిని గణించిన జర్మనీ పండితుడు కెప్లర్ ఒకడు. మలేరియాకు మూలమైన సూక్ష్మజీవిని 1880లో కనుగొన్న ఫ్రెంచి వైద్యుడు లవెరాన్ రెండవవాడు. ఆ లవెరాన్ చూపిన త్రోవనే నడచి, రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదున దోమ కడుపులో ఆ జీవిని చూచెను. ఇంతటి గొప్ప పేరున్నను, లోకము ఆ క్రీడాకారుని రెండక్షరములతో పెపే అనియే పిలిచెను.

ఆతడు 18 ఏండ్ల వయసున, 2001లో, ఇల్లు విడిచి మహాసముద్రము దాటి, పోర్చుగల్‌కు చెందిన మదీరా ద్వీపమున మరీతిము జట్టులో చేరెను. 2004లో పోర్తో జట్టునకు మాఱెను. 2007లో స్పెయిను దేశపు రియల్ మాడ్రిడ్ జట్టు 3 కోట్ల యూరోలు చెల్లించి ఆతనిని తీసుకొనెను. ఆ యేడే పోర్చుగల్ పౌరసత్వము పొంది, ఆ దేశపు జట్టున తొలిసారి ఆడెను. మాడ్రిడ్‌లో ఆతడున్న పదేండ్లలో ఆ జట్టు 2014, 2016, 2017 సంవత్సరములందు యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీయైన ఛాంపియన్స్ లీగును గెలిచెను.

జట్టులోని 11 మందిలో గోలుకీపరునకు ముందు నిలిచి ప్రత్యర్థుల నడ్డుకొనువారిని డిఫెండర్లందురు. ఎదుటివాడు బంతిని ఎటు పంపనున్నాడో డిఫెండరు ముందుగనే ఊహింపవలెను. ఎత్తుగా వచ్చు బంతిని తలతో మఱలింపవలెను. పరుగున వచ్చువాని కాళ్ళ నుండి బంతిని తప్పింపవలెను. అయితే ఆతడు తాకవలసినది బంతిని గాని, కాలిని గాదు. రెప్పపాటు ఆలస్యమైనచో న్యాయమైన అడ్డు అన్యాయమైన దెబ్బ యగును. అది గోలు ముంగిటి గీతల లోపల జరిగినచో ప్రత్యర్థికి పెనాల్టీ లభించును. అనగా గోలునకు 12 గజముల దూరమున బంతినుంచి, గోలుకీపరు ఒక్కడే ఎదురుగ నుండగా తన్నుట. కావున డిఫెండరునకు బలమును, వేగమును ఎంత అవసరమో, నిగ్రహము అంతకంటె అవసరము.

పెపేకు బలమును, వేగమును సమృద్ధిగా నుండెను. నిగ్రహము మాత్రము సులభముగా రాలేదు. 2009 ఏప్రిలు 21వ తేదీన రియల్ మాడ్రిడ్‌కు హెతాఫె జట్టుతో పోటీ జరిగెను. ఆట ముగింపునకు వచ్చెను. ఇరుజట్లును చెరి రెండు గోలులు చేసియుండెను. అప్పుడు పెపే తన గోలు ముంగిట ఒక ప్రత్యర్థిని పడద్రోసెను. రిఫరీ పెనాల్టీ యొసగెను. పెపే కోపము పట్టజాలక, నేలబడియున్న ఆ యాటగానిని కాలితో తన్నెను. చూచినవారు నివ్వెఱపోయిరి. ఆ పెనాల్టీ గోలు కాలేదు; మాడ్రిడ్ జట్టే 3-2 గోలులతో గెలిచెను. కాని ఆ గెలుపు ఆతని తప్పును కప్పలేదు. ఆతనికి పది పోటీల నిషేధము విధింపబడెను. పెపే క్షమాపణ వేడెను.

ఒకనాటి పశ్చాత్తాపముతో స్వభావము మాఱదు. 2014లో ప్రపంచ కప్పు పోటీలు ఆతని జన్మభూమియైన బ్రెజిలులోనే జరిగెను. జర్మనీతో ఆడుచు, నేలపై కూర్చుండిన ప్రత్యర్థి తలను పెపే తన తలతో నెట్టెను. రిఫరీ 37వ నిమిషముననే ఎఱ్ఱ కార్డు చూపి ఆతనిని వెలికి పంపెను. అట్లు పోయినవాని స్థానమున మఱొకనిని దింపరాదు. అప్పటికే రెండు గోలులు వెనుకబడిన పోర్చుగల్, పదిమందితో ఆడి 0-4 గోలులతో ఓడెను. ఒక్కని క్షణికావేశమునకు పదిమందియు ఫలమనుభవించిరి.

రెండేండ్ల పిదప, 2016 జూలై 10వ తేదీన, యూరప్ కప్పు తుది పోటీలో పోర్చుగల్ ఫ్రాన్సు దేశమును దాని సొంతగడ్డపైననే ఎదుర్కొనెను. పోర్చుగల్ నాయకుడు క్రిస్టియానో రొనాల్డో మోకాలికి దెబ్బ తగిలి, 25వ నిమిషముననే కన్నీటితో మైదానము వీడెను. గోలులు చేయువాడు లేనపుడు గోలు కాచువారి భారము హెచ్చును. పెపే చలింపక నిలిచెను. 120 నిమిషములలో ఫ్రాన్సు ఒక్క గోలైనను చేయజాలకపోయెను. 109వ నిమిషమున ఎదెర్ చేసిన గోలుతో పోర్చుగల్ ఆ కప్పును తొలిసారి గెలిచెను. గోలు చేసినవాడు ఎదెర్. కాని ఆనాటి ఉత్తమ క్రీడాకారునిగ యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య ఎన్నుకొన్నది పెపేను.

తరువాత ఆతనికి తప్పులే లేవని చెప్పరాదు. 2021లో ఐర్లండుతో ఆడుచు మఱల ఎఱ్ఱ కార్డు పొందెను. అయినను జట్టు ఆతనిని విడువలేదు. ఆతడు సాధన విడువలేదు. 2022 ప్రపంచ కప్పులో, 39 ఏండ్ల వయసున, స్విట్జర్లండుపై తలతో గోలు చేసెను. ప్రపంచ కప్పు నాకౌట్ పోటీలలో అంత పెద్ద వయసున గోలు చేసినవాడు అంతకుముందు లేడు.

2024 యూరప్ కప్పులో స్లొవేనియాతో ఆడుచుండగా పెపే కాలు తడబడి, బంతి ప్రత్యర్థికి చిక్కెను. అప్పుడు 24 ఏండ్ల గోలుకీపరు దియోగొ కోస్త తన కాలితో ఆ బంతిని ఆపి జట్టును కాపాడెను. ఇంతకాలము ఇతరుల తప్పులను సరిదిద్దిన పెద్దవాని తప్పును ఒక చిన్నవాడు సరిదిద్దెను. నాలుగు దినముల పిదప, జూలై 5వ తేదీన, ఫ్రాన్సుతో పెపే 120 నిమిషములును ఆడెను. నాటికాతని వయస్సు 41 సంవత్సరముల 130 దినములు. యూరప్ కప్పులో అంత వయసున ఆడినవాడు అంతకుముందు లేడు. ఆనాడును ఫ్రాన్సు ఆటలో గోలు చేయలేదు. పెనాల్టీలతో మాత్రము గెలిచెను. పెపే కంట నీరు పెట్టుకొనగా రొనాల్డో ఓదార్చెను. పోర్చుగల్ పక్షమున ఆతని 141వ పోటీ అదియే, కడపటిదియు నదియే. ఆ ఆగస్టులో ఆతడు ఆటనుండి విరమించెను.

పెపే జీవితమున కీర్తియు కలదు, అపకీర్తియు కలదు. పరుల దాడిని ఆపుట ఆతడు యౌవనముననే నేర్చెను. తన కోపమును ఆపుటకు ఏండ్లు పట్టెను. వాకిలి కాచువాడు ముందుగ తన మనస్సును కాచుకొనవలెను.