వాన లేని రోజుల్లోనే చూసుకోవాల్సిన ఆస్తి

కువైట్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 110 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇలాంటి చోట వరద కాలువలు ఎలా ఉన్నాయో చూసే పని ఒకటి ఉంటుందంటే మన ఊళ్లో నవ్వుతారు. కానీ 2018 నవంబరులో ఇక్కడున్నవాళ్లు నవ్వరు. రోడ్లు మునిగాయి, విమానాలు ఆగిపోయాయి, ప్రజా పనుల మంత్రి హుసామ్ అల్ రూమీ బాధ్యత వహించి రాజీనామా చేశారు.

మేముండేది సులైబియాలో. సివిల్ ఇంజనీరైన మా వారు ఈ నెల ఒక కన్సల్టింగ్ పని మొదలుపెట్టారు. గోదాములున్న ఒక ఆవరణలో వాననీటి కాలువలు, కల్వర్టులు, పంపులు ఏ స్థితిలో ఉన్నాయో చూసి నివేదిక ఇవ్వాలి. నేను జియాలజీతో బీఎస్సీ చేశాను. పిల్లలు పడుకున్నాక ఆయన తెచ్చిన ఫోటోలు ముందేసుకుని ఇద్దరం కూర్చుంటున్నాం.

వీటిని ఇంజనీర్లు ‘ఫ్లడ్ ప్రొటెక్షన్ అసెట్లు’ అంటారు. అసెట్ అంటే ఆస్తే. ఆస్తి అనగానే మనకు ఇల్లు, పొలం, బంగారం గుర్తొస్తాయి కానీ, ఊరిని కాపాడే కట్ట గుర్తు రాదు. బ్రిటన్‌లో ఇలాంటి వాటికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. 1 అంటే చాలా బాగుంది, 5 అంటే పూర్తిగా పాడైంది. మా వారూ ఆ పద్ధతే పెట్టుకున్నారు. మార్కుతో పాటు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలట: ఇది తెగితే ఎవరి మీద పడుతుంది? ఖాళీ స్థలం పక్కన 4 వచ్చిన కాలువ కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు. మనుషులు నిద్రపోయే చోట 3 వచ్చినది ఆగదు. ఇక్కడ కాలువలకు ముఖ్య శత్రువు ఇసుక. నెలల తరబడి గాలికి కొట్టుకొచ్చి చేరుతుంది, ఒక్క వానకు దారి మూసేస్తుంది.

ఈ లెక్కలు చూస్తుంటే నా మనసు కడప జిల్లాకే పోయింది. 2021 నవంబరు 19న తెల్లవారే వేళ రాజంపేట దగ్గర చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్లు దెబ్బతిన్నాయి. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ రాజ్యసభలో చెప్పారు. ప్రాజెక్టు తట్టుకోగలిగినదాని కన్నా ఎక్కువ వరద వచ్చిందన్నది రాష్ట్ర ప్రభుత్వం మాట. ఆ వాదన ఎలా ఉన్నా, గేటు కదులుతుందో లేదో చూడాల్సింది వరద రోజున కాదు.

మన పెద్దలకు ఇది తెలియని విద్యేం కాదు. అదే జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అందులో చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. మా వారి ఫారంలోనూ అదే ప్రశ్న ఉంది.

మా పుట్టిల్లు చెరువు కట్టకు దిగువనే. నాయనకు ఫోన్ చేసి కట్ట ఫోటోలు పంపమన్నాను. “వానే ల్యాకపాయె, ఇప్పుడు మరవ సంగతెందుకు పాపా?” అన్నాడు. అయినా మరుసటి రోజు పొద్దున్నే వెళ్లి పంపాడు. కట్ట మీద కంపచెట్లు దట్టంగా పెరిగాయి. వాటి వేళ్లు ఎండి కుళ్లితే కట్టలో నీటికి దారులవుతాయి. మరవ కింది కాలువలో సగం దాకా పూడిక. తూము తలుపు మాత్రం తిరుగుతోంది. నేను కట్టకు 3, మరవకు 4 వేశాను. నాయన ఆ ఫోటోలు జతచేసి అర్జీ ఇచ్చి వచ్చాడు. జవాబు కోసం చూస్తున్నాం.

మీ ఊళ్లోనూ చెరువో ఏరో ఉంటే, ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాలుగు సంగతులు అడగండి. కట్ట వెనక పాదం దగ్గర ఎప్పుడూ తడిగా ఉంటోందా? కట్ట మీద చెట్లు, ఎలుక బొరియలు ఉన్నాయా? మరవ నీళ్లు పోయే దారిలో ఎవరైనా గోడ కట్టారా? తూము తలుపును చివరిసారి ఎప్పుడు తిప్పి చూశారు?

మనం ప్రతి నెలా డబ్బు పంపి కట్టించుకునే ఇళ్లు చాలావరకు ఆ కట్టల కిందే ఉన్నాయి.